మళ్ళీ క్రౌన్ విప్పిన డేవిడ్‌రాజు

ఉదయగిరి బస్టాండు దాటి దుత్తలూరు రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే కుడిచేతి పక్కన ఒక రేకుల షెడ్డు కనబడుతుంది. దానికి బోర్డు లేదు, దాని అవసరమూ లేదు. చుట్టుపక్కల ఏ జీపు మొరాయించినా, ఏ ట్రాక్టరు నల్లపొగ చిమ్మినా "డేవిడ్‌రాజు కాడికి తోలు" అనడం అందరికీ అలవాటు.

అయితే 1993 తర్వాత ఆ షెడ్డులో ఒక పని మాత్రం ఆగిపోయింది. జీపు వెనక ఇరుసుకు నడిమధ్యలో గుమ్మడికాయంత ఇనప డిప్ప ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే శక్తిని రెండు చక్రాలకూ పంచేది అందులోని పళ్ళచక్రాలే. పుస్తకాల్లో దాని పేరు డిఫరెన్షియల్. షెడ్లలో క్రౌన్. ఎవరైనా వచ్చి క్రౌన్ అరుస్తోందంటే డేవిడ్‌రాజు పాతగుడ్డకు చేతులు తుడుచుకుంటూ, "క్రౌన్ పని నేను చెయ్యనబ్బా, నెల్లూరు తీసకపోండి" అనేవాడు. ఎందుకని అడిగితే కళ్ళు ఆనడం లేదనేవాడు. కార్బురేటర్‌లోని వెంట్రుకవాసి రంధ్రాన్ని మాత్రం అద్దాలు లేకుండానే చూసేవాడు.

క్రౌన్ పని అతనికి రాక కాదు. నెల్లూరులో దస్తగిరి మేస్త్రీ దగ్గర పదేళ్ళు ఉండి నేర్చుకున్న పని అది. దస్తగిరి మేస్త్రీ నూనె డబ్బా మీది నంబరు చూడనిచ్చేవాడు కాదు. "నంబరు కంపెనీవోడిది. జారుడు మనది" అనేవాడు. బొటనవేలి మీద ఒక చుక్క వేసుకుని, చూపుడువేలితో నొక్కి, రెండు వేళ్ళనూ మెల్లగా విడదీస్తే నూనె తీగ సాగుతుంది. ఎంత దూరం సాగి తెగిందో చూసి, ఏ బండికి ఏ కాలంలో ఏది పోయాలో చెప్పేవాడు. సంగం కాలవల కింద బురదలో దిగబడే ట్రాక్టరుకు ఒకటి, దుత్తలూరు మెట్టల్లో ఎండకు కాగే జీపుకు ఇంకొకటి. మేస్త్రీ పోయాక ఆ వేళ్ళ విద్య ఈ పక్క ఊళ్ళలో డేవిడ్‌రాజు ఒక్కడికే మిగిలింది.

1993లో మాలకొండయ్య అనే ఆసామి తన పాత జీపును అమ్మకానికి పెట్టాడు. దాని క్రౌన్ కోడిపుంజులా అరిచేది.

"అమ్మేదాకా అది నోరెత్తకుండా చూడు డేవిడ్డూ. కొత్త సామాన్లు ఏయించే ఓపిక నాకు లేదు" అన్నాడు.

ఉదయగిరిలో నార్డి కొయ్యతో గంటెలు, చెంచాలు చెక్కే ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ ముందు జల్లించిన పిండిలాంటి మెత్తటి పొట్టు పోగుపడి ఉంటుంది. గుప్పెడు పొట్టును చిక్కటి నూనెలో కలిపి క్రౌన్‌లో పోస్తే అరుపు అణుగుతుందని పాత డ్రైవర్లు చెప్పుకునే చిట్కా ఒకటుంది. దస్తగిరి మేస్త్రీ ఉండగా ఆ మాట ఎత్తితే స్పానరు విసిరేవాడు. డేవిడ్‌రాజు ఆ రోజు రెండు గుప్పెళ్ళు పోశాడు. జీపు పిల్లిలా నడిచింది. స్టాండులో బాడుగకు జీపులు తిప్పే చెంచయ్య దాన్ని కొని, కామయ్యను డ్రైవరుగా పెట్టుకున్నాడు. కామయ్యా డేవిడ్‌రాజూ ఒకే బెంచీ మీద చదువు మానేసినవాళ్ళు.

పదిహేడో రోజున పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని కనుమ దిగుతుంటే వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. పొట్టు నూనెనంతా పీల్చి ఉండలు కట్టింది. బేరింగుకు తడి అందలేదు. జీపు అడ్డంగా ఈడ్చుకుపోయి బండరాయిని ఒరుసుకుని ఆగింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ, చెంచమ్మ అనే ముసలావిడ మణికట్టు విరిగింది.

జీపును తాళ్ళు కట్టి లాక్కొచ్చి డేవిడ్‌రాజు షెడ్డులోనే పెట్టారు. తలుపు దగ్గరికి వేసి ఒక్కడే విప్పాడు. మాడిపోయిన పొట్టును కిరసనాయిలుతో కడిగి పారబోశాడు. సాయంత్రం పెద్దమనుషులు వచ్చి అడిగారు.

"లోపం బండిలోనా, తోలినోడిలోనా?"

"బండిలో లోపం లేదు" అన్నాడు.

అంతే అన్నాడు. మిగతాది ఊరు పూరించుకుంది. కామయ్య శనివారాలు కాస్త తాగుతాడని అందరికీ తెలుసు. ప్రమాదం జరిగింది మంగళవారం. అయినా, తాగేవాడికి వారమేముందన్నారు. ఆ తర్వాత జీపు స్టాండులో ఎవరూ కామయ్య చేతికి తాళం ఇవ్వలేదు. అతను ఆత్మకూరు వెళ్ళి బియ్యం మిల్లులో మూటలు మోసే పనికి కుదిరాడు.

డేవిడ్‌రాజు క్రౌన్ విప్పడం మానేసింది అప్పటినుంచే. ఇంకొకటి కూడా మానేశాడు. బాప్టిస్టు చర్చిలో నెలకొకసారి ప్రభు బల్ల జరిగేటప్పుడు రొట్టె పళ్ళెం తన ముందుకు వస్తే, తాను తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించేవాడు. మనసులో తప్పు దాచుకున్నవాళ్ళు ఆ రొట్టె ముట్టకూడదంటారు. అతని భార్య రెబెకమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తూనే ఉండేది. మొదటి ఏడాది అడిగింది. తర్వాత అడగలేదు.

*

1997 మార్చిలో ఒక సాయంత్రం, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే సురేంద్రబాబు ఒక చంకలో అట్టపెట్టె, ఇంకో చంకలో రెండేళ్ళ కూతురు అశ్వితతో షెడ్డులోకి వచ్చాడు.

"డేవిడ్‌రాజు గారూ, క్రౌన్ పని ఉందండీ."

"క్రౌన్ పని చెయ్యను సారూ, నెల్లూరు తీసక..."

"నెల్లూరులో ఇంత చిన్నది చూసేవాళ్ళు లేరండీ" అంటూ సురేంద్రబాబు పెట్టె తెరిచాడు.

లోపల మూరెడు పొడుగు కారు. చేతిలో పట్టుకునే రిమోటుతో నడుస్తుంది. కువైట్‌లో ఉన్న తమ్ముడు పంపాడట. దుకాణాల్లో దొరికే బొమ్మలాంటిది కాదది, పందేల కోసం చేసింది. విప్పితే ప్రతి భాగమూ విడివడుతుంది. ఏప్రిల్ చివరి ఆదివారం ఆత్మకూరు స్కూలు మైదానంలో సైన్సు మేళా జరుగుతుందనీ, అందులో ఇలాంటి కార్లకు పందెం ఉందనీ, నెల్లూరు నుంచీ కావలి నుంచీ ఎనిమిది కార్లు వస్తున్నాయనీ చెప్పాడు.

"మలుపులో లోపలి చక్రం గాల్లో తిరుగుతుంది, కారు మాత్రం కదలదు. లోపలి నూనె అయిపోయినట్టుంది. దీంతోపాటు ఒక చిన్న ట్యూబు వచ్చింది గానీ, ఈవిడ గారు దాన్ని చాప మీద పిండేసింది. చేతులు ఎన్నిసార్లు కడిగానో. అది నోట్లోకి పోతే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు" అన్నాడు. మాట్లాడుతూనే అతని కళ్ళు షెడ్డంతా తిరుగుతున్నాయి. "ఆ బ్యాటరీ యాసిడ్‌కు మూత ఉందాండీ? ఆ రేకు అంచు..."

"బిడ్డని దించబాకండి సారూ, అంతే. ఈడ మాకే దిక్కులేదు" అన్నాడు డేవిడ్‌రాజు.

వద్దందామనే కారును చేతిలోకి తీసుకున్నాడు. వెనక ఇరుసు నడుమ జాజికాయంత డిప్ప. నాలుగు స్క్రూలు. రేడియో రిపేరుకు వాడే సన్న స్క్రూడ్రైవరుతో విప్పి చూస్తే, లోపల అచ్చం అదే. పళ్ళెంలాంటి పెద్ద చక్రం, దాని నడుమ ఒకదానికొకటి కొరుక్కుని ఉన్న బుల్లి చక్రాలు. నాలుగేళ్ళుగా చూడని ముఖం ఎదురుపడ్డట్టయింది. బొమ్మే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

"పెట్టిపోండి సారూ. చూస్తాను."

*

ఆ తర్వాత నెలరోజులు సాయంత్రాలు అలాగే గడిచాయి. కాలేజీ వదలగానే సురేంద్రబాబు కూతురిని ఎత్తుకుని వచ్చేవాడు. రెబెకమ్మ ఆ పిల్లను తీసుకుని వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టేది. షెడ్డు పక్క ఖాళీ జాగాలో నాలుగు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ కారును తిప్పేవాళ్ళు.

మొదట ఇంజన్ ఆయిల్ పోశారు. పల్చగా ఉండి లాభం లేకపోయింది. మలుపులో లోపలి చక్రం మళ్ళీ ఒంటరిగా గిర్రున తిరిగింది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలనీ, అందుకు రెండింటికీ వేర్వేరు వేగాలు ఉండాలనీ సురేంద్రబాబు నేలమీద గీసి చూపించాడు.

డేవిడ్‌రాజు నవ్వాడు. "మొగుడూ పెళ్ళాం సంతకి పోయినట్టు సారూ. ఒకరు బేరమాడతా నిలబడితే ఇంకొకరు ముందుకి నడవాల. అట్టాగని మరీ వదిలేస్తే ఒకరు ఇల్లు చేరతారు, ఇంకొకరు సంతలోనే ఉంటారు. నూనె ఉండాదే, అది ఇద్దరి నడమా కొంగుముడి. మరీ వదులూ కాకూడదు, మరీ బిగువూ కాకూడదు."

"సంతలో మిగిలేది ఎప్పుడూ నేనే సారూ" అంది రెబెకమ్మ మంచం మీది నుంచి. "ఈ మనిషి కొంగుముడి గురించి చెప్తా ఉండాడు."

తర్వాత గ్రీజు పెట్టారు. రెండు చక్రాలూ ఒకటిగా బిగుసుకుని, మలుపు తిప్పగానే కారు తన తోకను తాను పట్టుకోబోయే కుక్కలా గుండ్రంగా తిరిగింది. అశ్విత చప్పట్లు కొట్టింది. జీపులకు పోసే నూట నలభై నంబరు గేర్ ఆయిల్ పోస్తే బాగానే నడిచింది. సురేంద్రబాబు సంబరపడి ఇంటికి తీసుకుపోయాడు. మూడోరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. నూనె కారిపోయి ఉంది. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగులు నానిన సెనగల్లా ఉబ్బాయి.

డేవిడ్‌రాజు ఒక రింగును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఈ నూనె ఈ రబ్బరుకి పడలేదు సారూ. రబ్బరుకి పడే చిక్కటి నూనె కావాల. పాతకాలం బ్రేక్ ఆయిల్ దేంతో చేసేవోళ్ళో తెలుసునా? ఆముదంతో. బ్రేకులో ఉండేదంతా రబ్బరే గదా."

మెట్టల్లో ఆముదాలు పండే చోట దానికి కరువేముంది? రెబెకమ్మ లోపలి నుంచి ముంత తెచ్చింది.

మర్నాడు సురేంద్రబాబు ల్యాబు నుంచి గాజు గొట్టాలు తెచ్చాడు. ఒక్కొక్క దాంట్లో ఒక్కో నూనె పోసి, పైనుంచి సైకిల్ బేరింగు గుండును వదిలి, అడుగుకు చేరడానికి ఎంతసేపు పట్టిందో వాచీలో చూసి రాసుకున్నాడు. గుండు ఎంత నిదానంగా దిగితే నూనె అంత చిక్కన. డేవిడ్‌రాజు ఆ కాగితం వైపు చూడకుండా అదే నూనెలను వేళ్ళ మధ్య తీగ సాగదీసి, పల్చనిదాని నుంచి చిక్కనిదాని దాకా వరసగా పెట్టాడు. రెండు వరసలూ ఒక్కటే అయ్యాయి. సురేంద్రబాబు కాసేపు ఆ గొట్టాల వైపూ, కాసేపు ఆ వేళ్ళ వైపూ చూశాడు.

"ఇది పాప తాగితే?" అని అడిగాడు చివరికి.

"తాగినా ఒక పూట కడుపు కడుక్కుపోతాది సారూ. మా అవ్వ నెలకొకసారి పట్టి తాగించేది."

అయినా సురేంద్రబాబు గొట్టాలన్నిటినీ తీసి పై అరలో పెట్టాడు.

"పందెం ఎన్ని గంటలకి సారూ?"

"మధ్యాహ్నం మూడింటికి."

డేవిడ్‌రాజు ఆముదం గొట్టాన్ని పై అర మీది నుంచి దించి తీసుకెళ్ళి ఎండలో రేకు మీద పెట్టాడు. అరగంట తర్వాత తెచ్చి గుండు వదిలితే అది నీళ్ళలో పడ్డట్టు దిగింది. "చూసినారా? ఇది పొద్దునపూట నూనె. మూడు గంటల నూనె కావాల మనకి" అన్నాడు. జలదంకిలో రెబెకమ్మ పుట్టింటి అటక మీద ఏళ్ళనాటి ఆముదం ఉంది. గడ్డకట్టిన తేనెలా ఉంటుంది. దాన్ని తెప్పించి, కొత్తదీ పాతదీ కలిపి, ఎండలో పెట్టి, తీగ సాగదీసి, మళ్ళీ కలిపాడు. మూడు రోజులకు సరైన పాకం కుదిరింది. ఇటుకల చుట్టూ కారు దారంతో కట్టినట్టు తిరిగింది.

పందెం ఇంక రెండు రోజులుందనగా కారు అరవడం మొదలుపెట్టింది. దోమ చెవి దగ్గర పాడినట్టు సన్నటి కూత.

"నడక బాగానే ఉంది. ఆ అరుపే నవ్వులపాలు చేసేట్టుంది. కాస్త చిక్కటిదేదైనా పెట్టి అది వినబడకుండా చెయ్యలేమా? ఒక్క మధ్యాహ్నం గడిస్తే చాలు" అన్నాడు సురేంద్రబాబు.

డేవిడ్‌రాజు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

"నోరు మూయించేదానికి పోసేది కాదు సారూ నూనె" అన్నాడు. "అది అరస్తా ఉండాదంటే లోపల యాడో నొప్పి ఉండాది."

"అలా చేస్తారని విన్నాను. మీరెప్పుడైనా చేశారా?" లెక్చరరు మామూలుగానే అడిగాడు.

"చేసినాను."

నాలుగేళ్ళలో ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదలు. మంచం మీద పిల్లకు మరమరాలు పెడుతున్న రెబెకమ్మ తల ఎత్తింది. డేవిడ్‌రాజు డిప్ప విప్పి, చక్రాలను ఒక్కొక్కటే తీసి దీపం ముందు తిప్పాడు. ఒకదానికి ఒక పన్ను సగం విరిగి ఉంది. పెట్టెలో అదనంగా వచ్చిన పళ్ళచక్రాన్ని దాని స్థానంలో వేసి మూశాడు. కూత ఆగింది. విరిగిన చక్రాన్ని మాత్రం పారేయలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు.

*

పందెంలో ఆ కారుకు మూడో స్థానం వచ్చింది. నెల్లూరు కార్లు రెండు నేరుగా పోయేటప్పుడు దీన్ని దాటిపోయాయి. మలుపుల్లో మాత్రం ఒక్కటీ దాటలేదు. ఎండకు మిగతావాటి వెనక చక్రాలు పట్టు తప్పుతుంటే ఇది మాత్రం తన దారిన తాను తిరిగింది. బహుమతిగా ఇచ్చిన స్టీలు గ్లాసును సురేంద్రబాబు మూడుసార్లు కడిగి అశ్వితకు నీళ్ళు పట్టాడు.

మైదానంలో ముగ్గు గీతలు గీసి, నీళ్ళు చల్లే పనికి మిల్లు నుంచి నలుగురు కూలీలు వచ్చారు. అందులో ఒకడు బకెట్టు దించి డేవిడ్‌రాజు ముందుకొచ్చి నిలబడ్డాడు. కామయ్య. చెంపలు లోపలికి పోయాయి, భుజం ఒకవైపు వంగింది.

"ఏందిరా డేవిడ్డూ, పెద్ద బండ్లు వదిలేసి బొమ్మ బండ్లకి దిగినావంట?"

"దిగినాను లేరా."

"జీపుల క్రౌన్లు విప్పవంట. చంటిబిడ్డల బండి క్రౌన్ విప్పతావంట. వయసు ఎనక్కి పోతా ఉండాదా?"

డేవిడ్‌రాజు జేబులోంచి విరిగిన పళ్ళచక్రం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. కామయ్య ముఖం చూడకుండా దానికే చెప్పినట్టు చెప్పాడు. మాలకొండయ్య అడగడం, పొట్టు పోయడం, కిరసనాయిలుతో కడగడం, పెద్దమనుషుల ముందు అన్న మాట. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

కామయ్య బకెట్టులో చేతులు ముంచి ముఖం కడుక్కున్నాడు.

"నాకెందుకురా చెప్తా ఉండావు?" అన్నాడు. "ఆ దినం నేను తాగలేదని నాకు తెలుసు గదా. తెలియనోళ్ళకి చెప్పు పో."

బకెట్టు తీసుకుని మైదానంలోకి వెళ్ళిపోయాడు.

బస్సులో ఉదయగిరికి తిరిగొస్తుంటే, పందెం చూడ్డానికి వెంట వచ్చిన రెబెకమ్మ అడిగింది. "కామయ్యన్న ఏమన్నాడు?"

"తెలియనోళ్ళకి చెప్పమన్నాడు."

"మరి?"

"రేపు పొద్దున స్టాండుకి పోతాను."

"నేనూ వస్తాను" అంది.

పోయాడు. టీ బంకు ముందు చెంచయ్య, ఇంకో ఏడెనిమిది మంది డ్రైవర్లు ఉన్నారు. నిలబడి చెప్పాడు.

"గంటెలు చెక్కిన పొట్టు బండిలో పోసినావా? పులుసు కలిపేదానికా?" అన్నాడొక డ్రైవరు. ఇద్దరు నవ్వారు. చెంచయ్య నవ్వలేదు.

"ఆ దినం ఎందుకు చెప్పలేదు?"

"భయమేసినాది."

"కామయ్యని నేనే పొమ్మన్నాను గదరా. నీ మాట నమ్మి."

"అవును" అన్నాడు డేవిడ్‌రాజు. అక్కడినుంచి రెబెకమ్మతో కలిసి చెంచమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆ ముసలావిడ వంకర అతికిన మణికట్టును చూపించి, "వాన పట్టే ముందు దినం ఇది నాకు చెప్తాదిరా అబ్బాయా" అంది. అతని చేత తన విసనకర్రకు ఊడిన కట్టు కట్టించుకుని పంపింది.

రెండు నెలలు షెడ్డుకు బండ్లు పల్చబడ్డాయి. కొందరు నిజంగానే నెల్లూరు తోలారు. ఆ రెండు నెలల్లోనూ ప్రభు బల్ల వచ్చింది. మొదటిసారి పళ్ళెం ముందుకు రాగానే చెయ్యి అలవాటు ప్రకారం పక్కకు అందించబోయి ఆగింది. అవతలి వైపు నుంచి రెబెకమ్మ చూస్తూనే ఉంది. అతను ఒక ముక్క తీసుకున్నాడు.

జూలైలో ఒక ఉదయం చెంచయ్య జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. వస్తున్నంత దూరమూ దాని క్రౌన్ కూత వినబడుతూనే ఉంది. దిగింది కామయ్య. తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చి, బోర్లించిన డబ్బా ఒకటి లాక్కుని ఇరుసు పక్కనే కూర్చున్నాడు.

"విప్పు. నేను చూస్తా ఉంటాను" అన్నాడు.

డేవిడ్‌రాజు జీపు కిందికి దూరి అడుగు బోల్టు వదులుచేశాడు. నల్లటి నూనె పళ్ళెంలోకి ధారగా కారింది. కామయ్య వంగి దాన్ని కెలికి, వేళ్ళకు ఏమైనా తగులుతుందేమోనని చాలాసేపు నలిపి చూశాడు. ఏమీ తగల్లేదు. డేవిడ్‌రాజు మూత విప్పి పళ్ళు ఒక్కొక్కటే తడిమి, అరిగిన బేరింగును బయటికి తీసి అతని చేతికిచ్చాడు. మధ్యాహ్నానికల్లా కొత్త బేరింగు కూర్చుంది.

అర మీద రెండు నూనె డబ్బాలున్నాయి. డేవిడ్‌రాజు రెండిట్లోంచీ ఒక్కొక్క చుక్క తీసి కామయ్య రెండు చేతుల బొటనవేళ్ళ మీదా చెరొకటి వేశాడు.

"లాగి చూడు" అన్నాడు. "కనుమ దిగేది నువ్వు గదా. ఏది పోయాల్నో నువ్వే చెప్పు."

కామయ్య ముందు కుడిచేతి రెండు వేళ్ళనూ కలిపి, వెలుగు వైపు తిరిగి, మెల్లగా విడదీశాడు.